జాలరు తీగ

ముత్యం ఆ మొక్కను తెచ్చిన రోజు భార్య స్వరాజ్యం అతన్ని తిట్టింది.

మొదటి లాక్‌డౌన్ రోజులవి. మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, ఆగిపోయాయి. ఖార్ఖానా గేటుకు తాళం పడింది. సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లో నేత మీద బతుకుతున్న వాళ్లలో సగం మంది దొరికిన బండెక్కి ఊళ్లకు పోయారు. ముత్యం పోలేదు. అదే ఊళ్లో వేసూ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు కాపలా మనిషి కావాలంటే వెళ్లి చేరాడు. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు నూనె ప్యాకెట్టు తెమ్మని చెప్పి పంపితే, సైకిలు క్యారేజీ మీద పగిలిన కుండీ ఒకటి కట్టుకుని వచ్చాడు.

"నూనె యాది మరిచి గడ్డి తెచ్చినవా?" అంది స్వరాజ్యం.

"గడ్డి కాదే. మూడో అంతస్తోళ్లు ఇల్లు ఖాళీ చేసుకుంట చెత్తడబ్బా కాడ పెట్టి పోయిన్రు. ఆకు చూడరాదు, జాలరు లెక్క ఎంత మంచిగున్నదో."

ఆకు నిజంగానే బాగుంది. ఎవరో ఓపిగ్గా కూర్చుని కత్తెరతో చెక్కినట్టుంది. కాడ మాత్రం నల్లగా, సన్నగా, ఇనుప తీగలా బిరుసుగా ఉంది. దుపట్టా అంచుకు కుట్టే జాలరు లాగా ఉందని ముత్యం దానికి జాలరు తీగ అని పేరు పెట్టాడు. అసలు పేరు ఏమిటో అతనికి తెలియదు. అడుగుదామంటే పడేసిన వాళ్లు ఏ ఊరు పోయారో కూడా తెలియదు.

వాళ్లుండేది సూరత్ శివారు ఉన్‌లో, వరుసగా కట్టిన అద్దె గదుల్లో. వెనక వరుసలో ఎల్లవ్వ, ఆమె భర్త సోమలింగం ఉంటారు. సోమలింగం కూడా ముత్యం పనిచేసిన ఖార్ఖానాలోనే సాంచాలు నడుపుతాడు. రెండు ఇళ్లకూ నడుమ చిన్న పెరడు ఉంది. అందులో ఒక నల్లా, నల్లా నీళ్లు పోయే మోరీ, మోరీ పక్కన ఎల్లవ్వ కొమ్మ తెచ్చి నాటిన మునగ చెట్టు. కూరగాయల బండ్లు రాని రోజుల్లో ఆ గల్లీకంతటికీ ఆ చెట్టే దిక్కయింది. తెలుగు వాళ్లే కాదు, మూల మీది ఇంట్లో అందరూ బా అని పిలిచే గుజరాతీ ముసలమ్మ కూడా "సరగవో ఉందా" అంటూ మునగ కోసం గిన్నె పట్టుకుని వచ్చేది. ఎల్లవ్వ ఎవరికీ లేదనలేదు.

ముత్యం కుండీ పగలగొట్టి మొక్కను మోరీ పక్కన నాటాడు. ఆ వానాకాలం అది కిటికీ చువ్వలు పట్టుకుని పైకి పాకింది. చలికాలంలో పెరగడం మానేసింది. మోరీ తడి అందినంత మేర పచ్చగా ఉండి, పైనంతా గోధుమ రంగుకు తిరిగింది. ముత్యానికి మళ్లీ ఖార్ఖానాలో పని దొరికింది. రోజూ పళ్లు తోముకుంటూ దాని ముందు నిలబడేవాడు. దానితో మాట్లాడేవాడు కాదు గానీ, ఎండిన ఆకు గిల్లేవాడు.

రెండో ఏడు ఏప్రిల్‌లో ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరికీ జ్వరం వచ్చింది. కూతురు హిమశ్రీని ఎల్లవ్వ తన ఇంట్లో ఉంచుకుంది. స్వరాజ్యానికి ఒళ్లు నొప్పులతో పోయింది. ముత్యానికి ఊపిరి అందలేదు. ఆమె ఎట్లాగో లేచి రొట్టెలు చేసి కట్టింది గానీ వెంట వెళ్లే ఓపిక లేకపోతే, సోమలింగం ఆటో మాట్లాడి ముత్యాన్ని ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. వాకిట్లోంచి ఆటో కదిలేటప్పుడు ఆమె గడప మీద కూర్చుని చూసింది. మాస్కులో అతని ముఖం సగమే కనబడింది. అదే ఆఖరు. కొద్ది రోజులకే ఫోన్ వచ్చింది. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. శ్మశానం దగ్గర వరుసలో నిలబడింది కూడా సోమలింగమే. దినాలకు ఊరి నుంచి ఎవరూ రాలేకపోయారు. తమ్ముడూ మరదలూ ఫోన్‌లో ఏడ్చారు. బొట్టు తీయడానికి వచ్చిన ముసలమ్మ కూడా దూరంగా నిలబడి, "నువ్వే తుడుసుకో బిడ్డా" అంది.

మనిషి పోయాడని ఊళ్లో అందరూ అన్నారు గనక పోయాడు. స్వరాజ్యం చూసిందేమీ లేదు.

మే నెలలో ఎల్లవ్వ పెరడు ఊడుస్తూ, కిటికీకి వేలాడుతున్న ఎండు తీగలు పీకబోయింది. స్వరాజ్యం లోపలి నుంచే, "అక్కా, గది ముట్టకు" అంది. జ్వరం తర్వాత ఆమె గొంతు అంత గట్టిగా లేవడం అదే మొదటిసారి. ఎల్లవ్వ చీపురు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

తొలి వానకు మోరీ పక్క మట్టిలోంచి మొలకలు లేచాయి. ఒకటి కాదు, గుత్తులుగా. ఒక్కొక్కటీ కొన ముడుచుకుని, చంటిపిల్ల పిడికిలిలా ఉంది. పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టిన స్వరాజ్యం వాటిని చూసి పక్కనే కూర్చుంది. బిందె నిండి నీళ్లు మోరీలోకి పోతూనే ఉన్నాయి. కట్టేయాలని ఆమెకు తోచలేదు.

ఆమె అప్పటికి చీరల పని పట్టింది. వరప్రసాద్ అనే కుర్రాడు రింగురోడ్డు మార్కెట్ల నుంచి చీరల మూటలు తెచ్చి ఇంటింటికీ పంచేవాడు. వేలాడే దారాలు కత్తిరించడం, కొంగుకు కుచ్చులు ముడివేయడం. ఇంటి నిండా దారం ముక్కలే. వాటిలో పొడుగువి ఏరి, ఒకదానికొకటి ముడివేసి, కిటికీ చువ్వల నుంచి రేకు అంచు దాకా, రేకు అంచు నుంచి బట్టలారేసే తీగ దాకా గుంజి కట్టింది. సాలె ఇంట్లో పుట్టిన మనిషి. పడుగు కట్టినట్టే కట్టింది, దారానికీ దారానికీ సమాన దూరంతో. జాలరు తీగ ఆ దారాలు పట్టుకుని ఎక్కింది. పొద్దున చూసిన కొన సాయంత్రానికి అక్కడ ఉండేది కాదు, పైన ఎక్కడో ఉండేది.

హిమశ్రీ బి.ఎస్సీ చదువుతోంది, వృక్షశాస్త్రం. కాలేజీ అంతా ఫోన్‌లోనే జరిగే కాలం. ఒకరోజు క్లాసు అయిపోయాక పెరట్లోకి వచ్చి తీగను చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇది తీగ కాదు, తెలుసా?"

"తీగ కాకపోతే ఏంది?"

"ఆకు. మొదలు ఎక్కడున్నదో చూడు. కాండం అంతా మట్టి కింద్నే ఉంటది. అక్కడి నుంచి రేకు పైదాక పోయిందే, గది మొత్తం ఒక్కటే ఆకు. నువ్వు ఆకులనుకునేటివి దాని పాయలు. ఫెర్న్ ఇది, ఎగబాకే ఫెర్న్. మామూలు ఆకు కొంత పెరిగి ఆగిపోతది గదా. ఇది ఆగదు. కొన బతికున్నంత సేపు పెరుగుతనే ఉంటది."

"ఆగనే ఆగదా?"

"పట్టుకునేటందుకు ఏదన్న దొరికితె ఆగదు."

హిమశ్రీ చదువుకున్నది చెప్పింది, అంతే. స్వరాజ్యం మాత్రం ఆ మాటను దాచుకుంది. మరుసటి రోజు ఇంకా పొడుగు దారాలు ముడివేసింది. రేకు మీద చోటు అయిపోయింది. మిగిలింది మునగ చెట్టు. దాని కింది కొమ్మకు ఒక దారం కట్టింది. ఎల్లవ్వను అడిగి కట్టాల్సిందని చేయి తీసేశాక అనిపించింది. అడగలేదు.

శ్రావణం వచ్చేసరికి మునగ చెట్టు మునగ చెట్టులా లేదు. కింది కొమ్మల నుంచి పై దాకా ఆకుపచ్చ దుప్పటి కప్పినట్టు ఉంది. చూసేవాళ్లకు ముచ్చటగా ఉండేది. గల్లీ పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. దుప్పటి లోపల మునగాకు పసుపు పడి రాలిపోతోంది. పూత రాలేదు. గుజరాతీ బా గిన్నె పట్టుకుని వచ్చి, పైకి చూసి, ఖాళీ గిన్నెతో తిరిగి పోయింది.

స్వరాజ్యానికి అవన్నీ కనబడ్డాయి. కళ్లున్న మనిషి, కనబడకుండా ఎట్లా ఉంటాయి. ఒక ఆదివారం కిటికీలోంచి చూస్తే సోమలింగం కొడవలి పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉన్నాడు. తల పైకెత్తి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని చూస్తున్నాడు. ఎల్లవ్వ గబగబా వచ్చింది. ఆయన చేతిలోంచి కొడవలి తీసుకుంది. ఏదో అంది. వినబడలేదు. ఆయన స్వరాజ్యం కిటికీ వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు. స్వరాజ్యం కిటికీ పక్కకు జరిగి, గోడకు ఆనుకుని, ఎవరూ లేనట్టే నిలబడింది. ఆ తర్వాత రోజు నల్లా దగ్గర ఎల్లవ్వ కనబడితే స్వరాజ్యం వానల గురించి మాట్లాడింది, బియ్యంలో పురుగుల గురించి మాట్లాడింది. చెట్టు మాట ఇద్దరూ ఎత్తలేదు.

వినాయక చవితి అయిన తర్వాత వరప్రసాద్ ఒక మూట వెనక్కి తెచ్చాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, గుమ్మం బయటే నిలబడి, ఒక తెల్ల చీర మడత విప్పాడు.

"అక్కా, ఈ పొడి ఏంది? కాఫీ పొడి లెక్క. దులిపితె పోతది గని, మడత మడతల ఉన్నది. సేఠ్ ఒకటే లొల్లి."

స్వరాజ్యం చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన లేదు. వెలుతురు కోసం రోజూ కిటికీ కింద కూర్చుని పని చేసేది. కిటికీ నిండా జాలరు తీగే. లేచి వెళ్లి ఒక పాయ పట్టుకుని చూసింది. కింది ఆకులు వెడల్పుగా, నున్నగా ఉన్నాయి. పైవి అట్లా లేవు. అంచుల వెంట చిన్న చిన్న వేళ్లు మొలిచినట్టు, తాను చీర కొంగుకు ముడివేసే కుచ్చుల్లాగే ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య నలిపితే వేళ్లకు గోధుమ రంగు పొడి అంటింది.

"దీనికి పువ్వు పూయదు, విత్తనం ఉండదు," అంది హిమశ్రీ ఆ సాయంత్రం. తల్లి అరచేతిని పట్టుకుని పొడి వైపు చూస్తూ చెప్పింది. "గిదే దీని విత్తనం అనుకో. గాలికి పోతది. బట్టలకంటి పోతది, చెప్పులకంటి పోతది. అన్నిటి లెక్క ఆడ, మగ రెండు మొక్కలు కావాల్నని లేదు. ఒక్క రేణువు తడి జాగల పడితె చాలు, కొత్త కుదురు లేస్తది. మేడమ్‌కు ఫోటో పంపిన. కొన్ని రకాలు మన అడవుల్ల కూడ ఉంటయట. వాటి జాగల అవి ఉంటె ఏం కాదు, వాటిని తినే పురుగులుంటయి, ఎండకు ఆగిపోతయి. జాగ మారిస్తెనే బలుస్తది. అమెరికాల ఫ్లోరిడా అని ఉన్నది, అక్కడ అడవులకు అడవులనే కప్పేసిందట. చెట్లకు ఎండ తగలకుంట చేసి చంపుతది. ఎండకాలం ఎండిపోయినంక, కింద ఎక్కడన్న మంట అంటుకుంటె, ఈ తీగల మీదికెళ్లి నిచ్చెన ఎక్కినట్టు పైకి పోతదట."

"మనది అమెరికా కాదు గద."

"మనకు మోరీ ఉన్నది అమ్మా. పన్నెండు నెలలు తడే. ఇగో, ఎల్లవ్వ పెద్దమ్మ చెట్టు చచ్చిపోతున్నది. చూస్తలేవా?"

"చూస్తున్న."

"మరి తీసేద్దాం. కోస్తె లాభం లేదు, మళ్లీ వస్తది. గడ్డలు తవ్వాలె."

"మీ బాపు పెట్టిన చెట్టు అది."

"బాపు పడేసిన కుండీ తెచ్చిండు. అంతే. బాపుకు కూడ తెల్వదు ఇదేందో. తెలిస్తె ఆయనే పీకెటోడు."

"నోరు ముయ్యి."

"బాపు దాంట్ల లేడు అమ్మా."

స్వరాజ్యం చేయి లాక్కుంది. తల్లీ కూతుళ్లు ఆ పూట విడివిడిగా తిన్నారు. తర్వాత చాలా రోజులు అవసరానికి మించి మాట్లాడుకోలేదు. స్వరాజ్యం పని చేసుకునే చోటు మాత్రం మార్చింది. చీరల మూట ముందు గదిలోకి తెచ్చుకుని, కిటికీ తలుపు మూసింది.

ఆ నెలాఖరులో వాన పట్టుకుంది. సన్నగా మొదలై, ఆగి, మళ్లీ కురిసి, ఒకరోజు మధ్యాహ్నం గాలి తోడైంది. స్వరాజ్యం అన్నం వండుతోంది. మొదట పెద్ద చీర చించినట్టు చప్పుడైంది. తర్వాత రేకుల మీద దేన్నో ఎత్తేసినట్టు మోత. తలుపు తెరిస్తే పెరడు కనబడలేదు. అంతా ఆకే. మునగ చెట్టు నడుముకు విరిగి, తడిసి బరువెక్కిన తీగల మోపుతో సహా ఎల్లవ్వ వాళ్ల రేకు మీద పడి, అక్కడి నుంచి జారి నల్లా మీద పడింది. మునగ కట్టె అసలే బోలు. తన బరువు తాను మోస్తేనే గొప్ప. నల్లా గొట్టం విరిగి నీళ్లు పైకి చిమ్ముతున్నాయి.

"అక్కా," అని పిలిచింది స్వరాజ్యం. జవాబు రాలేదు. ఆ వేళ ఎల్లవ్వ నల్లా దగ్గరే గిన్నెలు తోముతుంది. రోజూ అదే వేళ. స్వరాజ్యం తీగల్లోకి చేతులు పెట్టి లాగింది. ఆ తీగ తెగదు, వంగదు, అరచేతులు కోసుకుపోయాయి. "అక్కా, అక్కా" అంటూ లాగుతూనే ఉంది. హిమశ్రీ వచ్చి పక్కన చేరింది. కొమ్మల కింద బూడిద పూసిన గిన్నె ఒకటి కనబడింది. స్వరాజ్యం కోసుకుపోయిన చేతులతోనే ఇంకా లోపలికి తోసుకుపోయింది.

అవతలి గుమ్మంలోంచి ఎల్లవ్వ తల బయటికి పెట్టింది. చేతిలో గొడుగు ఉంది.

"ఇక్కడున్న చెల్లె. వాన పెద్దగైందని గొడుగు కోసం లోపలికొచ్చిన."

స్వరాజ్యం ఆ బురదలోనే కూర్చుండిపోయింది.

వాన తెరిపి ఇచ్చాక గల్లీ మగవాళ్లు చెట్టును పక్కకు లాగారు. ప్లంబరు గొట్టానికి మూతేసి పోయాడు. ఎల్లవ్వ వంకరపోయిన రేకును చూసి, "చెట్టు గూడ ముసల్దైంది తియ్యి. ఎప్పటికైన పడేదే," అంది. నాటి అయిదారేళ్లు కూడా కాని చెట్టు అది.

అందరూ వెళ్లాక స్వరాజ్యం ఎల్లవ్వ ఇంటి గడప దగ్గర నిలబడింది.

"ఎందుకు అడగలేదక్కా నన్ను? కొయ్యమని ఒక్కమాట అంటివా?"

"ఏమని అడగాలె?"

"నీ చెట్టు చచ్చిపోతుంటె."

"చెట్టుదేమున్నది, కొమ్మ పెడితె మళ్లొస్తది." ఎల్లవ్వ ఆమె అరచేతులు తిప్పి చూసి, కోతల మీద పసుపు అద్దుతూ అంది. "నువ్వు దాని మొకం చూసుకుంటనే లేస్తున్నవ్. అన్నం తింటున్నవ్. మీ బావను కొడవలి పట్టనియ్యలే నేను. జర ఆగు, దానంతటదే ఆమెకే తెలుస్తది అన్న. తెలిసెదాక నేనుంటనో లేదో గని." అని తన మాటకు తనే నవ్వింది. స్వరాజ్యం నవ్వలేదు.

"రేపు తవ్వుదాం," అంది.

మరుసటి రోజు సోమలింగం గడ్డపార తెచ్చాడు. ముందు తీగలన్నీ కోయాలని, కుచ్చులున్న ఆకులను దులపకుండా మెల్లగా సంచుల్లోకి నెట్టి మూతి కట్టాలని హిమశ్రీ చెప్పింది. వాన తడి మీద పొడి లేవదు కాబట్టి ఇదే మంచి అదను అంది. నూలు కోన్లు వచ్చే పెద్ద ప్లాస్టిక్ సంచులు ఖార్ఖానాలో బోలెడు. అవి నింపారు. స్వరాజ్యం తాను కట్టిన దారాలు తానే కోసింది. కట్టినప్పుడు ఎంత పట్టిందో గానీ కోయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మట్టి కింద ఉన్నది చూసి అందరికీ ఆశ్చర్యమే. పైన కనబడేదానికి పొంతన లేదు. నల్లటి వెంట్రుకలు కప్పిన సన్నటి కాండాలు, వేలు మందం కూడా లేవు, ఒకదాని మీద ఒకటి పెనవేసుకుని చాప అల్లినట్టు మోరీ గోడ వెంట పాకి ఉన్నాయి. సోమలింగం గడ్డపారతో లేపుతుంటే స్వరాజ్యం, ఎల్లవ్వ కూర్చుని ముక్క మిగలకుండా ఏరుతున్నారు. మట్టి వాసన, గడ్డపార చప్పుడు.

స్వరాజ్యం తలెత్తకుండానే అడిగింది. "బావా, ఆనాడు ఆటోల ఆయన ఏమన్న మాట్లాడిండా?"

గడ్డపార ఆగింది.

ఈ మాట ఆమె ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా అడగలేదు. ఆయనా చెప్పలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఆమె, చెబితే ఏమైపోతుందోనని ఆయన, ఒకే నల్లా నీళ్లు పట్టుకుంటూ ఇన్నాళ్లు తప్పించుకు తిరిగారు.

సోమలింగం గడ్డపారను గోడకు ఆనించి, మోరీ గట్టు మీద కూర్చున్నాడు.

"మాట్లాడిండు. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడిండు. ఉధ్నా కాడికి రాంగనే మన ఖార్ఖానా ముంగట ఆటో ఆపమన్నడు. ఇప్పుడెందుకురా అంటె ఇనలే. డ్రైవర్ ఆపిండు. లోపల సాంచాలు నడుస్తున్నయి. చెవి పెట్టి ఇన్నడు. ఇని ఏమన్నడో తెలుసా? నా సాంచ మీద ఎవడో కొత్తోడున్నడే అన్నా, దెబ్బ తప్పుతున్నది అన్నడు. కోపమొచ్చింది ఆయనకు. వాడు నా సాంచ పాడు జేస్తడు, నేనొచ్చెదాక జర నువ్వు చూడు అన్నడు."

"కోపమొచ్చిందా?"

"మస్తు కోపమొచ్చింది. అటెన్కల ఆస్పత్రి దాక వాన్నే తిట్టిండు. అంత అరకొర దమ్ముల గూడ తిట్లు మటుకు ఆగలే."

ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్వరాజ్యం చేతిలో మట్టిగడ్డ అలాగే ఉంది.

"గేటు కాడ దిగినంక నన్ను లోపలికి రానియ్యలే. నువ్వు పో అన్నా, నీకు అంటుకుంటది అన్నడు. ఇంకోటి. నువ్వు రొట్టెలు కట్టిస్తివి గద."

"తిన్నడని చెప్పినవ్ నువ్వు."

"తిన్నడని చెప్పు, లేకుంటె తిడ్తది అన్నడు. తినలే. మింగుడు పడలే పాపం. గేటు పక్కకు ఒక ముసలాయన కూసున్నడు, లోపల ఎవరున్నరో ఏమో. రొట్టెలు ఆయన చేతుల పెట్టిండు. ఆయన తిన్నడు. తినుకుంట, ఎవలు చేసిన్రు, మంచిగున్నయి అని అడిగిండు. మా ఇంటామె అన్నడు ముత్యం. అని లోపలికి పోయిండు. తిరిగి చూడలే. నడుసుకుంటనే పోయిండు, మోసుకపోలే."

ఇన్ని నెలలూ స్వరాజ్యం కళ్ల ముందు ఉన్నది సగం కప్పిన ఒక ముఖం, కదిలిపోయే ఆటో. ఆ తర్వాత అంతా చీకటి. ఇప్పుడు ఆ చీకట్లో ఒక రోడ్డు, ఒక గేటు, తిట్టుకుంటూ పోయే ఒక మనిషి కనబడ్డాడు. అది అతనే. జ్వరంలోనూ సాంచ మీద ధ్యాస పోనివాడు. పెళ్లానికి భయపడి అబద్ధం చెప్పించినవాడు. ఆమెకు ఏడుపు వచ్చింది. దినాల్లో రాని ఏడుపు. ఎల్లవ్వ ఆపబోలేదు, ఓదార్చబోలేదు. పక్కన కూర్చుని వేర్లు ఏరుతూనే ఉంది.

వంటింటి గుమ్మంలో హిమశ్రీ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. వచ్చి తల్లి వీపుకు ఆనుకుని కూర్చుంది.

"పెద్దబాపూ, మళ్లొకసారి చెప్పవా. మొదటి నుంచి," అంది.

సోమలింగం మళ్లీ చెప్పాడు. ఈసారి డ్రైవర్ పెట్టిన పాట సంగతి కూడా గుర్తొచ్చింది, అదీ చెప్పాడు.

పెరట్లో తవ్వడం ఆ వారంతో అయిపోయింది గానీ, పని అక్కడితో ఆగలేదు. హిమశ్రీ గల్లీ అంతా తిరిగి చూసి వచ్చింది. మొదటి ఏడే పొడి రాలి ఉండాలి, మోరీ పొడుగునా గోడ పగుళ్లలో చిన్న చిన్న మొక్కలున్నాయి. నాచులా ఉన్నవి కొన్ని, వేలెడు పొడుగు లేచినవి కొన్ని. గుజరాతీ బా వాకిట్లో ఒకటి, అందంగా ఉందని ఆమె తులసి పక్కనే నీళ్లు పోసి పెంచుతోంది. స్వరాజ్యం వెళ్లి వచ్చీరాని గుజరాతీలో సంగతి చెప్పింది. బా నమ్మలేదు. "చిన్న ఆకు, ఏం చేస్తుంది పాపం" అంది. స్వరాజ్యం ఆమె చేయి పట్టుకుని తీసుకొచ్చి విరిగిన మునగ మొద్దు చూపించింది. బా తిరిగి పోయి తానే పీకింది.

వరప్రసాద్ తీసుకుపోయిన మూటల్లో ఆ పొడి ఎంత దూరం పోయిందో, ఏ ఊళ్లో ఏ గోడ పగులులో పడిందో, అది ఎవరి చేతిలోనూ లేదు. ఆ సంగతి తలుచుకుంటే స్వరాజ్యానికి కొన్నాళ్లు నిద్ర సరిగా పట్టేది కాదు. హిమశ్రీ, "ఎండ తగిలే జాగల బతకదులే అమ్మా," అని సర్ది చెప్పేది. అది నిజమో, తల్లి కోసం చెప్పిన మాటో స్వరాజ్యం ఆరా తీయలేదు. తన కంటికి కనబడ్డది మాత్రం వదలలేదు. పనికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు మోరీల వెంట చూస్తూ నడిచేది. అప్పటికి ఆమె ఖార్ఖానాలోనే నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది. ఇంట్లో ఒక్కతే కూర్చుని కుచ్చులు ముడివేయడం ఇక తనవల్ల కాదంది.

విరిగిన చెట్టు కొమ్మలు ఎల్లవ్వ మూడు చోట్ల పాతింది. రెండు కుళ్లిపోయాయి. ఒకటి పట్టుకుంది.

మరుసటి ఏప్రిల్‌లో ముత్యం సంవత్సరీకానికి సిరిసిల్ల నుంచి బంధువులు దిగారు. ముత్యం తమ్ముడు లక్ష్మీరాజం, మరదలు పద్మారాణి, ఒక మేనత్త. పోయినప్పుడు రాలేకపోయామన్న బాధ అందరి ముఖాల్లోనూ ఉంది. తాపీ నది ఒడ్డున పిండం పెట్టి ఇంటికి వచ్చాక, చాప మీద కూర్చుని, మేనత్త ముందుగా అడిగింది.

"ఎట్ల పోయిండే బిడ్డా వాడు? మాకు ఫోన్ల ఇన్నదే తప్ప ఏం తెల్వదు."

సోమలింగం గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన వైపే చూశారు, వెంట ఉన్నది ఆయనే కాబట్టి. ఆయన గొంతు సవరించుకునే లోపల స్వరాజ్యం మాట్లాడటం మొదలుపెట్టింది. ఆటో ఎక్కించిన దగ్గర నుంచి చెప్పింది. ఖార్ఖానా ముందు ఆపించింది చెప్పింది. ముత్యం తిట్టిన తిట్లు చెబుతుంటే లక్ష్మీరాజం కన్నీళ్ల మధ్య నవ్వాడు. "మా అన్నే, అచ్చం మా అన్నే," అన్నాడు. చెబుతూ చెబుతూ ఆమె ఉధ్నా దాటాక ఆటో ఎడమకు తిరిగిందంది. తిరిగింది కుడికి. సోమలింగానికి తెలుసు. ఆయన సరిదిద్దలేదు. ఆమె చెబుతున్నంతసేపు, తనకూ అప్పుడే తెలుస్తున్నట్టు, తల పంకిస్తూ వింటూ కూర్చున్నాడు.